అద్దెకిచ్చిన బిల్డింగ్ కాలిపోయింది, పెద్ద క్లెయిమ్: ఎక్కడ మొదలెట్టాలి?

వైనతేయ_గట్టు
అందరికీ నమస్కారమండి. అమలాపురం రూట్లో మెయిన్ రోడ్డు మీద అమ్మ పేరున మాకో జీ ప్లస్ టూ బిల్డింగ్ ఉంది. కింద రెండు షాపులు, పైన నాలుగు పోర్షన్లు, అన్నీ అద్దెకిచ్చినవే. నాన్నగారు 2007 లో కట్టారు, రెండో అంతస్తు మాత్రం ఆ తర్వాత బ్యాంకు లోను పెట్టి వేశారు. పోయిన వారం అర్ధరాత్రి కింద పరుపుల షాపులో మంటలు లేచాయి. ఫోము, దూది, కొబ్బరి పీచు. అవి అంటుకుంటే ఆగుతాయా. పైనున్న వాళ్లందరూ మేడెక్కి పక్కింటి డాబా మీదకి దిగి బయటపడ్డారు. ఎవరికీ ఏమీ కాలేదు, ఆ ఒక్కటీ దేవుడి దయ.

కింద అంతస్తు మొత్తం పోయింది. మొదటి అంతస్తులో రెండు పోర్షన్లకీ శ్లాబు అడుగున పెచ్చులూడి ఇనుము కనబడుతోంది. రెండో అంతస్తులో మసి, కిటికీలు పగలడం. మేస్త్రీ అంచనా 32 లక్షల దాకా వచ్చింది. ఏటా బ్యాంకు వాళ్లే ప్రీమియం కట్ చేసుకునే పాలసీ ఒకటుంది, 40 లక్షలకి. నష్టం 32, పాలసీ 40 కాబట్టి పూర్తిగా వచ్చేస్తుందని బంధువులందరూ అంటున్నారు. నాకు ధైర్యం చాలట్లేదు. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం, అమ్మ ఒక్కతే అక్కడ. క్లెయిమ్ ఫారం ఇంకా నింపలేదు. తెలిసినవాళ్లు దారి చెప్పండి.

పాలకొల్లు_శ్రీను
అయ్యో, మనుషులకి ఏమీ కాలేదు, అదే పదివేలు. ముందు ఒక పని చేయండి. షట్టర్లు దించి తాళం వేయించండి. బంధువులొచ్చి "శుభ్రం చేయించేద్దాం, చూడ్డానికి బాలేదు" అంటారు. నష్టం లెక్కకట్టడానికి ఇన్సూరెన్స్ కంపెనీ పంపే సర్వేయర్ చూసేదాకా బూడిద కూడా కదపనివ్వకండి. కాలిన మీటరు బోర్డు, వైర్ల ముక్కలు, స్విచ్చిలు ఎక్కడున్నవి అక్కడే ఉండాలి. పాత ఇనుప సామాన్లవాడు వచ్చి షట్టరు కిలోల్లెక్కన కొంటానంటాడు, ఇవ్వకండి. ప్రతి గదీ నాలుగు మూలల నుంచీ వీడియో తీయించండి.

బ్యాంకుకి ఫోన్ చేసి ఊరుకోకండి. ఇన్సూరెన్స్ కంపెనీకి, బ్యాంకు బ్రాంచికి రెండిటికీ మెయిల్ పెట్టండి. ఏ రోజు చెప్పారన్నది రేపు అదే సాక్ష్యం.

రిటైర్డ్_సర్వేయర్_తణుకు
అమ్మా, చాలా ఏళ్లు ఈ పనే చేశాను, ఇప్పుడు మానేశాను. ఒకే ప్రశ్న. పాలసీ షెడ్యూల్, అంటే దేనికి ఎంత ఇన్సూరెన్సో రాసిన కాగితం, మొదటి పేజీలో పాలసీ పేరేముంది? భారత్ గృహ రక్షా? భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్షా? లేక పాత స్టాండర్డ్ ఫైర్ పాలసీయా? 2021 ఏప్రిల్ 1 నుంచి ఇళ్లకి గృహ రక్ష, మొత్తం ఆస్తి విలువ 5 కోట్ల లోపుండే వ్యాపారాలకి సూక్ష్మ ఉద్యమ్ వచ్చాయి. మీ 40 లక్షల్లో ఎంత చేతికొస్తుందన్నది ఆ పేరు మీద ఆధారపడి ఉంది. అది చూసి చెప్పేదాకా ఫారంలో ఒక్క అంకె కూడా రాయొద్దు. ముఖ్యంగా "ఆస్తి విలువ" అనే గడి దగ్గర.

వైనతేయ_గట్టు
బ్యాంకు వాళ్ల దగ్గర్నుంచి ఇప్పుడే పీడీఎఫ్ తెప్పించానండి. భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష అని ఉంది. కింద షాపులున్నాయి కాబట్టి అలా తీసుకున్నారట. "బిల్డింగ్ 40,00,000" అని ఒకే లైను. మొత్తం కట్టడం 4,200 చదరపు అడుగులు.

రిటైర్డ్_సర్వేయర్_తణుకు
సరే, ఇప్పుడు కొంచెం ఓపిగ్గా చదవండి. ఇది తెలియకే చాలామంది సగం డబ్బు పోగొట్టుకుంటారు.

గృహ రక్ష పాలసీ అయితే తక్కువకి ఇన్సూరెన్స్ చేశారన్న కారణం మీద కోత ఉండదు. సూక్ష్మ ఉద్యమ్‌లో ఉంటుంది. కట్టడం అసలు విలువకీ పాలసీ మొత్తానికీ 15 శాతం వరకూ తేడా ఉంటే వదిలేస్తారు, అది దాటితే యావరేజ్ క్లాజ్ వేస్తారు, అంటే ఎంత తక్కువకి చేయించారో అదే నిష్పత్తిలో క్లెయిమ్ కోస్తారు. మీ బిల్డింగ్ మొత్తం ఇవాళ కొత్తగా కట్టడానికి చదరపు అడుగుకి 1,900 అనుకుంటే 4,200 అడుగులకి దగ్గర దగ్గర 80 లక్షలు. మీరు చేయించింది 40. అంటే సగానికే చేయించారు, మిగతా సగం బరువు మీదే అని పాలసీ లెక్క. నష్టం 32 లక్షలైతే వచ్చేది 16. పాలసీ 40 ఉంది కదా, నష్టం 32 కదా అన్న బంధువుల లెక్క ఇక్కడ పనిచేయదు.

ఇప్పుడు ఆ "ఆస్తి విలువ" గడి సంగతి. మెయిన్ రోడ్డు పక్కన సెంటు రేటు మీకు తెలుసు. ఎవరో ఒకరు "మన ప్రాపర్టీ కోటిన్నర పలుకుతుంది, అదే రాయండి" అంటారు. రాశారా, అయిపోయారు. 32 లక్షల్ని 40 తో హెచ్చవేసి 150 తో భాగిస్తే 8 లక్షల 53 వేలు. స్థలం కాలలేదు, స్థలానికి ఇన్సూరెన్సూ లేదు. రాయాల్సింది కట్టడం ఒక్కదానికి, అదీ ఇప్పుడు అదే రకం కట్టడం మళ్లీ కట్టడానికయ్యే ఖర్చు. గ్రానైట్ వేసిన రేటు కాదు, మీ ఇంట్లో ఉన్న మొజాయిక్‌కో టైల్స్‌కో తగిన రేటు.

అదే నిజంగా మీ రకం కట్టడానికి 1,600 సరిపోతుందని ఒక ఇంజినీరు లెక్క కట్టి ఇస్తే మొత్తం విలువ 67 లక్షల 20 వేలు, వచ్చేది 19 లక్షల చిల్లర. అబద్ధం చెప్పమనడం లేదు. రెండు చోట్లా ఒకే రేటు వాడాలి. మరమ్మత్తుకి పెద్ద రేటు, మొత్తం విలువకి చిన్న రేటు వేస్తే సర్వేయర్ పట్టేస్తాడు. ఆ ఒక్కటీ పట్టాడంటే మీరు చెప్పే మిగతావి కూడా నమ్మడు.

ఇంకొకటి. షెడ్యూల్‌లో పునాది, ప్లింతు (పునాది పైనుంచి గచ్చు మట్టం దాకా కట్టే భాగం) మినహాయించి అని ఎక్కడైనా ఉందేమో చూడండి. ఉంటే మొత్తం విలువ కట్టేటప్పుడు కూడా వాటిని తీసేయాలి. మన లంకల్లో, చెరువులు పూడ్చిన చోట్లలో పునాదికే బోలెడంత పోస్తాం, అది తీసేస్తే లెక్క గణనీయంగా మారుతుంది.

కోటిపల్లి_రేవు
గురువుగారూ, ఇన్నేళ్లూ ప్రీమియం కట్టిన ఆవిడకి సగం ఇస్తారా? బ్యాంకు వాళ్లే కదా 40 అని వేసింది. అమ్మగారిని అడిగారా?

రిటైర్డ్_సర్వేయర్_తణుకు
మీ బాధ న్యాయమైనదే. బ్యాంకుకి కావలసింది దాని లోను భద్రం. 40 లక్షలు అన్నది లోను మొత్తాన్ని బట్టి వేసి ఉంటారు, కట్టడం విలువని బట్టి కాదు. ఇది అన్ని చోట్లా జరుగుతోంది. ఇది చదువుతున్న ఓనర్లందరూ ఇవాళే మీ షెడ్యూల్ తీసి చూసుకోండి, రెన్యువల్ దాకా ఆగకండి.

వైనతేయ_గట్టు
చాలా కృతజ్ఞతలండి. నిజంగానే మా బాబాయి గారు కోటిన్నర రాద్దామన్నారు. ఆపించాను. పునాది గురించి చూశాను, ఏమీ రాయలేదు. మరి పైన శ్లాబు సంగతేంటి? ఫోన్లో మాట్లాడిన సర్వేయర్ గారు "అది తుప్పు, మంటతో సంబంధం లేదు, మనది ఉప్పుగాలి కదా" అంటున్నారు.

భీమవరం_సివిల్
ఈ మాట ప్రతి ఫైర్ క్లెయిమ్‌లోనూ వస్తుంది, ముఖ్యంగా సముద్రం దగ్గరగా ఉండే కోనసీమ, నరసాపురం వైపు. అందులో కొంత నిజముంది కూడా. ఉప్పు బోరు నీళ్లతో క్యూరింగ్ చేసిన శ్లాబులు పదిహేనేళ్లకే పెచ్చులూడతాయి. కానీ తుప్పుతో ఊడిన పెచ్చుకీ మంటకి ఊడిన పెచ్చుకీ తేడా చేతిలో పట్టుకుని చూపించొచ్చు.

తుప్పుతో ఊడితే ఊచ లావెక్కి, పొరలు పొరలుగా గోధుమ రంగు పొక్కు లేచి ఉంటుంది, పెచ్చు లోపలి వైపు కూడా ఆ మరక అంటుకుని ఉంటుంది. మంటకి ఊడితే ఊచ మీద అంత పొక్కు ఉండదు, నల్లగా మసి పట్టి ఉంటుంది, పెచ్చు కొత్తగా విరిగినట్టు పదునుగా ఉంటుంది. కాంక్రీటు 300 డిగ్రీలు దాటితే చాలా రకాల కంకరల్లో గులాబీ, ఎర్ర ఛాయ వస్తుంది. పెచ్చు విరిచి చూస్తే ఎంత లోతు దాకా ఆ రంగు దిగిందో కనబడుతుంది. ఆ లోతే మీ సాక్ష్యం. ఊచలు కూడా 550, 600 డిగ్రీల దగ్గర బలం సగానికి పడిపోతాయి. చల్లారాక కొంత తిరిగొస్తుంది గానీ శ్లాబు కిందికి వంగి ఉంటే ఆ ఊచల్ని నమ్మకూడదు.

మంట తగలని చోట, అంటే రెండో అంతస్తులో ఎక్కడైనా, శ్లాబు బాగుంటే దాని ఫొటో కూడా తీయించండి. అదే ఇంట్లో, అదే నీళ్లతో కట్టిన శ్లాబు అక్కడ బాగుండి ఇక్కడ మాత్రమే ఊడిందంటే కారణం ఉప్పుగాలి కాదని ఎవరికైనా అర్థమవుతుంది. అయితే రెండో అంతస్తు తర్వాత వేశారన్నారు కాబట్టి, మొదటి అంతస్తులోనే వెనక వైపు మంట చేరని గది ఉంటే అది ఇంకా గట్టి పోలిక.

సుత్తితో మెల్లగా కొట్టి వింటే డొల్ల మోత ఎక్కడొస్తుందో సుద్దతో గీయించండి, ఆ గీతలతో ఫొటో తీయండి. తర్వాత కాంక్రీటు గట్టిదనం చూసే రీబౌండ్ హ్యామర్ పరీక్ష, అవసరమైతే కాంక్రీటు ముక్క తొలిచి తీసి చేసే కోర్ పరీక్ష. ఏదైనా ఇంజినీరింగ్ కాలేజీ సివిల్ విభాగం లెటర్‌హెడ్ మీద రిపోర్టు వస్తే మేస్త్రీ అంచనా కన్నా వంద రెట్లు విలువ. ఆ ఫీజు గురించి బెంగ వద్దు. ఈ పాలసీల్లో ఇంజినీర్ల ఫీజుకి క్లెయిమ్ మొత్తంలో 5 శాతం దాకా, శిథిలాలు తొలగించడానికి 2 శాతం దాకా ఉంటుంది. మీ షెడ్యూల్‌తో సరిచూసుకుని అడగండి.

మేస్త్రీ కాగితం మీద "టోటల్ 32 లక్షలు" అని ఒక ముక్క రాస్తే చెల్లదు. ఎన్ని చదరపు మీటర్ల ప్లాస్టరింగు, ఎన్ని ఘనపు మీటర్ల కాంక్రీటు, ఎన్ని కిలోల ఇనుము, ఎంత కూలి అని విడివిడిగా ఉండాలి. సర్వేయర్లు ఎక్కువగా ఆర్ అండ్ బీ వాళ్ల ఎస్‌ఎస్‌ఆర్ (ప్రభుత్వ పనుల ప్రామాణిక రేట్ల పట్టిక) రేట్లు తీస్తారు. మార్కెట్ రేటు అంతకన్నా ఎక్కువైన చోట కొటేషన్లు పెట్టండి. ఇసుక రేవులో ఉచితమే అంటారు, ఎత్తుడు కూలీ, లారీ కిరాయి మనకి తెలుసు కదా, ఆ బిల్లులు కూడా చూపించండి.

లంకల_రైతు
ఇంత తతంగం ఎందుకండీ. పరుపుల షాపువాడి వల్ల కదా కాలింది, వాడి మీద కేసు పెట్టి వాడి దగ్గరే వసూలు చేయండి. అడ్వాన్స్ ఎలాగూ మీ దగ్గరే ఉంది, పట్టేసుకోండి.

కాకినాడ_ప్లీడరు
రైతు గారి కోపం అర్థమవుతుంది గానీ ఈ సలహా వింటే క్లెయిమ్ దెబ్బతింటుంది.

మొదటిది, ఫైర్ పాలసీలో అద్దెకున్నవాడి అజాగ్రత్త వల్ల కాలినా ఓనరుకి డబ్బు వస్తుంది. ఓనరే కావాలని తగలబెట్టినా, తగలబెట్టించినా తప్ప ఇబ్బంది లేదు. కాబట్టి ముందు తప్పెవరిదో తేలితేనే డబ్బు అని ఎవరైనా అంటే నమ్మకండి.

రెండోది, కంపెనీ మీకు డబ్బు కట్టాక షాపు ఆయన మీద వసూలు హక్కు కంపెనీకి వెళ్తుంది. దాన్ని సబ్రోగేషన్ అంటారు. ఇప్పుడు మీరు పెద్దమనుషుల్లో కూర్చుని "మూడు లక్షలు తీసుకున్నాం, ఇక ఏ పేచీ లేదు" అని ఆయనకి కాగితం రాసిచ్చారనుకోండి. కంపెనీ హక్కుని మీరు చంపేసినట్టు. అదే కారణం చూపించి క్లెయిమ్ కోసేస్తారు. మన ఊళ్లల్లో రాజీ కాగితాలు చాలా తొందరగా రాసేస్తారు, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. ఆయనకి ఒక రిజిస్టర్డ్ నోటీసు పంపి, హక్కులు వదులుకోవడం లేదని రాయించి, అక్కడితో ఆపండి.

మూడోది, కరెంటు. షార్ట్ సర్క్యూట్ అని తేలితే "షార్ట్ సర్క్యూట్ మినహాయింపులో ఉంది" అని ఒక క్లాజు చూపిస్తారు. ఆ క్లాజు పూర్తిగా చదవండి. షార్ట్ అయిన ఆ ఒక్క వస్తువుకి, ఆ బోర్డుకో మోటారుకో మాత్రమే రాదు. దాన్నుంచి లేచిన మంట కాల్చిన మిగతా వాటన్నిటికీ వస్తుంది.

నాలుగోది, అద్దె ఒప్పందం. కట్టడం కాలింది కాబట్టి కిరాయిదారు హక్కు పోయిందనుకోకండి. 1882 ఆస్తి బదిలీ చట్టం 108(ఇ) ప్రకారం వాడుకోలేనంతగా పాడైతే ఒప్పందం రద్దు చేసుకునే అవకాశం కిరాయిదారుకి ఉంది, అదీ ఆయన తప్పు వల్ల కాలకపోతేనే. ఓనరుకి ఆటోమేటిగ్గా ఖాళీ దక్కదు. కట్టడం పడిపోయినా స్థలం మీద కిరాయి హక్కు ఉంటుందని 2014 లో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి పైన కాపురాలున్న వాళ్లతో రాతపూర్వకంగా ఒప్పుకుని, వాళ్ల అడ్వాన్స్‌లు తిరిగిచ్చేయండి.

మూడో_పోర్షన్
నేను ఓనర్ని కాదు, రామచంద్రపురంలో అద్దెకుంటున్నదాన్ని. ఈ చర్చంతా ఓనరు కోసం నడుస్తోంది, తప్పు లేదు. కానీ ఆ నాలుగు పోర్షన్ల వాళ్ల సంగతి ఒక్కసారి ఆలోచించండి. పిల్లల సర్టిఫికెట్లు, బీరువాలో చీరలు, కుట్టు మిషన్, ఫ్రిజ్. ఓనరు పాలసీలో వాళ్లకి పైసా రాదు. మా వీధిలో ఇలాగే జరిగితే "ఓనరుకి లక్షలొచ్చాయి, మాకేం ఇవ్వలేదు" అని ఏళ్ల తరబడి మాటలు నడిచాయి. అమ్మగారు ముందే వాళ్లని కూర్చోబెట్టి, ఈ పాలసీ గోడలకే గానీ సామాన్లకి కాదని చెప్పేస్తే మంచిది. అడ్వాన్స్‌లు వెంటనే ఇచ్చేయండి, వాళ్లకి వేరే ఇల్లు చూసుకోవాలంటే ఆ డబ్బే ఆధారం.

వైనతేయ_గట్టు
మీరు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజమండి. అమ్మ నిన్ననే మూడు కుటుంబాలకి అడ్వాన్స్ ఇచ్చేసింది. నాలుగో ఆయన గల్ఫ్‌లో ఉన్నారు, భార్య పుట్టింటికి వెళ్లింది, ఆవిడ ఖాతాకి వేస్తున్నాం. వాళ్లకి ఇంకేమైనా దారులుంటే చెప్పండి, నేను చేరవేస్తాను.

పాలకొల్లు_శ్రీను
వీఆర్వో చేత పంచనామా రాయించి తహసీల్దారు ఆఫీసులో అర్జీ పెట్టమనండి. అగ్ని ప్రమాదం కూడా ప్రభుత్వ విపత్తు సహాయం కిందికి వచ్చేదే. పెద్ద మొత్తం రాదు గానీ ఆ కాగితం డూప్లికేట్ సర్టిఫికెట్లకి కూడా పనికొస్తుంది. గ్యాస్ సిలిండర్ వల్ల జరిగిన ప్రమాదమైతే ఆయిల్ కంపెనీల బీమా ఉంటుంది, ఇక్కడ మంట కింద షాపులో మొదలైంది కాబట్టి అది వర్తించదు. ఇక ముందు అద్దెకుండేవాళ్లు సామాన్లకి మాత్రమే గృహ రక్ష తీసుకోవచ్చు, ఇల్లు సొంతం కానక్కర్లేదు.

ఆత్రేయపురం_వేణు
ఫైర్ స్టేషన్ కాగితం గురించి ఎవరూ చెప్పలేదు. ఫైర్ ఇంజన్ వచ్చినప్పుడు ఆఫీసరు గారు రాసుకునే రిపోర్టులో "అంచనా నష్టం" అని ఒక గడి ఉంటుంది. ఆ హడావుడిలో అక్కడెవరో ఉన్నవాళ్లని అడిగి ఒక అంకె వేస్తారు. పేపర్లో మర్నాడు అదే వస్తుంది. తర్వాత కంపెనీ ఆ పేపర్ కటింగ్ పెట్టి "మీరే 10 లక్షలన్నారు" అంటుంది. మా బావగారి కొబ్బరి గోదాము విషయంలో అచ్చం ఇదే జరిగింది. ఆ అంకె ఎంతుందో ఇప్పుడే చూడండి. తక్కువుంటే అది బయటి నుంచి చూసి వేసిన ప్రాథమిక అంచనా అని, శ్లాబు పరీక్షలు అప్పటికి జరగలేదని సర్వేయర్‌కి మెయిల్‌లో రాసి పెట్టండి. పోలీస్ స్టేషన్‌లో ఇచ్చే ఫిర్యాదులో అంకె వేయకుండా "నష్టం లెక్కించాల్సి ఉంది" అని రాయడం మంచిది.

వైనతేయ_గట్టు
వేణు గారూ, చూశాను. 12 లక్షలు అని ఉంది. మీరు చెప్పినట్టే మెయిల్ పెట్టాను.

ఇంకో సంగతి. రావులపాలెం నుంచి ఒకాయన వచ్చి అమ్మని కలిశాడట. క్లెయిమ్ మొత్తం తనే చూసుకుంటానని, వచ్చినదాంట్లో 20 శాతం ఇవ్వాలని, ఖాళీ కాగితాల మీద సంతకాలు కావాలన్నాడట. సర్వేయర్ తనకి బాగా తెలుసంటున్నాడు.

రిటైర్డ్_సర్వేయర్_తణుకు
సంతకం పెట్టనివ్వకండి. సర్వేయర్‌కి లైసెన్సు ఇచ్చేది బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ, ఫీజు ఇచ్చేది ఇన్సూరెన్స్ కంపెనీ. మీరు ఎవరికీ ఏమీ ఇవ్వనక్కర్లేదు. మధ్యవర్తి చేసేది అంకెలు ఉబ్బించడం, ఉబ్బిన అంకెలున్న ఫైలుని కంపెనీ ఇన్వెస్టిగేటర్ చేతిలో పెడుతుంది. అక్కడ నెలలు గడిచిపోతాయి. ఆ 20 శాతంలో పదో వంతుతో మంచి స్ట్రక్చరల్ ఇంజినీరు రిపోర్టు వస్తుంది.

సర్వేయర్ శత్రువు కాడమ్మా. ఆయన అడిగినదానికి తారీఖు వేసి, లిస్టు రాసి, కాపీ ఉంచుకుని ఇవ్వండి. ఆయన కొలతలు తీసేటప్పుడు మీ ఇంజినీరుని పక్కన నిలబెట్టండి, ఇద్దరి కొలతలూ ఒకే కాగితం మీద ఇద్దరి సంతకాలతో ఉండాలి. రేట్ల మీద తర్వాత వాదించుకోవచ్చు. కొలత మీద ఒకసారి తేడా వస్తే, గోడ పడగొట్టేశాక మళ్లీ కొలవడానికి ఏమీ మిగలదు.

గడువుల సంగతి. 2024 జూన్‌లో ఐఆర్‌డీఏఐ ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం నష్టం గురించి మీరు కంపెనీకి చెప్పిన 24 గంటల్లో సర్వేయర్‌ని పెట్టాలి, 15 రోజుల్లో రిపోర్టు తెప్పించుకోవాలి, రిపోర్టు వచ్చిన 7 రోజుల్లో కంపెనీ నిర్ణయం చెప్పాలి. పెద్ద ఫైర్ క్లెయిములు వాస్తవంలో ఇంకా సాగుతాయి, కానీ ఆ సర్క్యులర్ పేరు మెయిల్‌లో రాస్తే ఫైలు కదులుతుంది. సర్వే రిపోర్టు కాపీ అడగండి, అది మీకు ఇవ్వాల్సిందే.

వైనతేయ_గట్టు
బ్యాంకు ఈఎంఐ ఆగట్లేదండి, అద్దెలు మాత్రం ఆగిపోయాయి. అమ్మకి అదే పెద్ద భారం.

కాకినాడ_ప్లీడరు
షెడ్యూల్‌లో అద్దె నష్టం కవర్ విడిగా తీసుకున్నారేమో చూడండి. ఇళ్ల పాలసీలో అది లోపలే ఉంటుంది, మీ దాంట్లో విడిగా ఉంటేనే. పాలసీ వెనక బ్యాంకు క్లాజు ఉంటుంది కాబట్టి క్లెయిమ్ డబ్బు ముందు బ్యాంకుకే వెళ్తుంది. ఇప్పుడే మేనేజరుకి రెండు విషయాలు రాతపూర్వకంగా అడగండి: కొన్నాళ్లు ఈఎంఐ వాయిదా, వచ్చిన డబ్బు లోనులో జమ చేసుకోకుండా మళ్లీ కట్టడానికి విడుదల చేయడం. తర్వాత అడిగితే అప్పటికే లోను ఖాతాలో పడిపోయి ఉంటుంది.

యానాం_నుంచి
మా అన్నయ్యది చిన్న షాపు, తుపానులో పోయింది. కంపెనీ సగం కోసింది. ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి, ఐఆర్‌డీఏఐ వాళ్ల బీమా భరోసా పోర్టల్‌లో కూడా పెట్టాం. నెల దాటినా సమాధానం లేకపోతే ఇన్సూరెన్స్ ఫిర్యాదులు విని తీర్పు చెప్పే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. హైదరాబాద్ ఆఫీసే ఆంధ్రాకి, తెలంగాణకి, మా యానానికి కూడా. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, ఆన్‌లైన్‌లో పెట్టొచ్చు. 50 లక్షల వరకూ తీర్పు ఇవ్వగలరు. కంపెనీ కాదన్న ఏడాది లోపల వెళ్లాలి. తీర్పు నచ్చకపోతే మనం ఒప్పుకోనక్కర్లేదు, కంపెనీ మాత్రం కట్టుబడాలి. అన్నయ్యకి పూర్తిగా రాలేదు గానీ కోసినదాంట్లో మంచి భాగం వచ్చింది.

కాకినాడ_ప్లీడరు
అదనంగా వినియోగదారుల కమిషన్ ఉంది, రెండేళ్ల లోపల వేయాలి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్ పరిధి మీరు కట్టిన ప్రీమియంని బట్టి, క్లెయిమ్ మొత్తాన్ని బట్టి కాదు. కాబట్టి పెద్ద క్లెయిమ్ అయినా విజయవాడ తిరగక్కర్లేదు, జిల్లాలోనే వేయొచ్చు. అయితే అంబుడ్స్‌మన్ దగ్గర నడుస్తుండగా అదే విషయం మీద కమిషన్‌లో వేయకండి.

ఆడిటర్_రాజమండ్రి
ఒక్క మాట, ఎవరూ గుర్తు చేయరు కాబట్టి. మంటల్లో పోయిన ఆస్తికి ఇన్సూరెన్స్ డబ్బు వస్తే అది క్యాపిటల్ గెయిన్ (ఆస్తి మీద లాభం) కింద పన్ను లెక్కలోకి రావచ్చు. 1961 ఆదాయపు పన్ను చట్టంలో 45(1ఎ) అని ఉండేది. డబ్బు చేతికొచ్చిన ఏడాదికే లెక్క. పూర్తిగా ధ్వంసమా, మరమ్మత్తా అన్నదాన్ని బట్టి మారుతుంది. చెక్కు రాకముందే మీ ఆడిటర్‌తో కూర్చోండి. నాన్నగారు కట్టినప్పటి బిల్లులు, రెండో అంతస్తు లోను కాగితాలు వెతికి పెట్టండి.

వైనతేయ_గట్టు
అప్‌డేట్ ఇస్తున్నానండి. జాయింట్ కొలతలు అయ్యాయి. మా తరఫు ఇంజినీరు గారు మొదటి అంతస్తు వెనక గదిలో మంట చేరని శ్లాబు, ముందు గదిలో గులాబీ రంగు దిగిన పెచ్చు పక్కపక్కన పెట్టి చూపించారు. సర్వేయర్ గారు చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసి, మూడు గదుల శ్లాబు మంటవల్లేనని ఒప్పుకున్నారు. ఒక వరండా మాత్రం పాత తుప్పు అన్నారు, అది నిజమే, మేం పట్టుపట్టలేదు. విలువ చదరపు అడుగుకి 1,650 దగ్గర రెండు వైపులా ఒకే రేటు మీద కుదిరేలా ఉంది. బ్యాంకు మేనేజరు గారు ఈఎంఐ గురించి పైకి రాశామన్నారు.

ఇప్పుడు ఒక కాగితం పంపారు, డిశ్చార్జ్ వోచర్ అట. "పూర్తి, తుది పరిష్కారంగా" అని ఉంది, మొత్తం గడి ఖాళీగా ఉంది. సంతకం పెట్టి పంపితే తొందరగా వేస్తామంటున్నారు.

కాకినాడ_ప్లీడరు
ఖాళీ గడి మీద సంతకం వద్దే వద్దు. అంకె వేసి పంపమని మెయిల్ పెట్టండి. అంకె వచ్చాక అది మీరనుకున్నదానికి తక్కువైతే, డబ్బు అవసరం కాబట్టి తీసుకోండి, కానీ సంతకం పక్కన "అభ్యంతరంతో స్వీకరిస్తున్నాను, మిగతా మొత్తంపై హక్కు ఉంచుకుంటున్నాను" అని అమ్మగారి చేత్తోనే రాయించి, అదే రోజు మెయిల్ కూడా పెట్టండి. ఒత్తిడితోనో మోసంతోనో తీసుకున్న వోచర్ సంతకం అడ్డు కాదని 1999 లోనే సుప్రీంకోర్టు చెప్పింది, కానీ ఆ ఒత్తిడిని రుజువు చేయాల్సింది మనమే. ఆ రాత ఉంటే పని తేలికవుతుంది.

రిటైర్డ్_సర్వేయర్_తణుకు
వోచర్‌తో పాటు లెక్కల షీటు కూడా అడగండమ్మా. అందులో నాలుగు గడులు చూడాలి: మొత్తం నష్టం, సాల్వేజ్ (కాలాక మిగిలిన సామాను విలువ) తగ్గింపు, యావరేజ్ తగ్గింపు, ఎక్సెస్ (ప్రతి క్లెయిమ్‌లో మీరే భరించాల్సిన భాగం). సాల్వేజ్ కింద మీ షట్టర్లకీ ఇనుముకీ ఎంత తగ్గించారో ఆ రేటు తణుకు స్క్రాప్ మార్కెట్ రేటుతో పోల్చి చెబుతాను. పేర్లు, పాలసీ నంబరు చెరిపేసి షీటు ఇక్కడ పెట్టండి.

వైనతేయ_గట్టు
సరేనండి. మెయిల్ ఇప్పుడే పంపాను. షీటు రాగానే పెడతాను.